మా స్టూడియోలో టేపు పెట్టిన అనుభవం

2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మాకు తెలిసిన ఒక వీడియోగ్రాఫర్ హార్డ్ డిస్కులన్నీ నీళ్లపాలయ్యాయి. మా స్టూడియో మొగల్రాజపురంలో, మేడ మీద. నీళ్లు రాలేదు గానీ మా ఓనర్‌కి టెన్షన్ పట్టుకుంది. బీరువా నిండా పెళ్లిళ్ల ఫుటేజీ ఉన్న డిస్కులే. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి కరెంటు మొహం చూడలేదు.

"అన్నా, టేపు పెడదాం" అన్నాను.

"మళ్లీ క్యాసెట్లేంట్రా? వీహెచ్ఎస్‌కి బూజు పట్టి ఎన్ని పెళ్లిళ్లు పోయాయో నాకు తెలుసు" అన్నారు. ఆయన భయంలో న్యాయం ఉంది. కానీ నేను చెప్పింది ఎల్‌టీఓ, అంటే కంప్యూటర్ డేటా దాచుకునే టేపు క్యాట్రిడ్జ్. 2000లో వచ్చిన మొదటి తరం క్యాట్రిడ్జ్‌లో 100 జీబీ పట్టేది, మేం కొన్న ఎనిమిదో తరం ఎల్‌టీఓ-8లో 12 టీబీ పడుతుంది. డబ్బా మీద 30 టీబీ అని కూడా రాసి ఉంటుంది. అది కంప్రెషన్ లెక్క, అంటే డేటాని కుదించి రాస్తే పట్టేది. వీడియో ముందే కంప్రెస్ అయి ఉంటుంది కాబట్టి ఆ అంకె మనకి పనికిరాదు.

ఖర్చంతా టేపు మీద రాసి, చదివే డ్రైవ్‌దే. క్యాట్రిడ్జ్ చవక. ఏలూరు రోడ్డులో అడిగితే ఎవరి దగ్గరా లేదు, హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ డ్రైవ్ తెప్పించాం. దానికి యూఎస్‌బీ ఉండదు. కంప్యూటర్‌లో శాస్ (SAS) కార్డు, అంటే ఇలాంటి డ్రైవ్‌ని కలిపే కార్డు వేసి, దానికి సరిపడే కేబుల్ వెతుక్కోవాలి. ఎల్‌టీఎఫ్ఎస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాక టేపు కూడా మామూలు డ్రైవ్‌లా ఫోల్డర్లతో కనిపించింది. అలాగని అందులోంచే ఎడిటింగ్ చేద్దామంటే కుదరదు. లోపల 960 మీటర్ల టేపు. అడిగిన ఫైలు దగ్గరికి అది తిరిగి వెళ్లాలి. ఫైలు డిలీట్ చేసినా ఖాళీ తిరిగి రాదు.

అసలు తలనొప్పి వేగంతో వచ్చింది. టేపు సెకనుకి 360 ఎంబీ దాకా రాయగలదు, మా పాత డిస్కులు అందులో సగం కూడా ఇవ్వలేవు. డేటా తగ్గితే డ్రైవ్ కొంతవరకు వేగం తగ్గించుకుంటుంది. అంతకన్నా తగ్గితే ఆగి, వెనక్కి చుట్టి, మళ్లీ మొదలెడుతుంది. టేపుకీ, హెడ్‌కీ అరుగుదల అక్కడే. అందుకని ముందు ఎస్‌ఎస్‌డీలోకి తీసుకుని, చిన్న చిన్న ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ ఒకే టార్ ఫైలుగా (ఎన్నో ఫైళ్లని కలిపిన ఒక్క మూటగా) కట్టి, అప్పుడు టేపుకి పంపడం అలవాటు చేసుకున్నాం. పూర్తి వేగంతో రాసినా క్యాట్రిడ్జ్ నిండడానికి తొమ్మిది గంటల పైనే పడుతుంది. రాత్రి పెట్టి ఇంటికి పోవడమే.

రాశాక తిరిగి చదివించి, చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని తేల్చే లెక్కలు) కలిశాయో లేదో చూడందే పాత డిస్కు ఖాళీ చేయం. ఓనర్‌కి ఇది చాదస్తంగా అనిపించింది. ఒకసారి ఒక పాత పెళ్లి ఫుటేజీ మొత్తం టేపు నుంచి వెనక్కి తెచ్చి, ఆయన ఎదురుగానే ప్లే చేశాను. ఆ తర్వాత మాట్లాడలేదు.

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయట: ఈ సూత్రాన్ని జనంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరే, అంటే మన లైన్ వాడే. మా బయటి కాపీ గుంటూరులో ఓనర్ బావమరిది ఇంట్లో, ఏసీ గదిలో ఉంది. చల్లని గదిలోంచి తెచ్చిన టేపుని వెంటనే డ్రైవ్‌లో పెట్టం. మన బెజవాడ ఉక్కపోతకి తేమ పడుతుంది, అందుకే ఒక రోజు ఆగుతాం. సరైన చల్లదనంలో ఉంచితే టేపు 30 ఏళ్లు నిలుస్తుందంటారు.

టేపు సరే, అప్పటికి డ్రైవ్ ఉండాలిగా? ఎల్‌టీఓ-9 డ్రైవ్ మా టేపుల్ని చదువుతుంది, 2025లో వచ్చిన ఎల్‌టీఓ-10 చదవదు. ఉన్న ఒక్క డ్రైవ్ మొండికేస్తే మా పని ఆగిపోతుంది. ఇంకోటి కొనిపెట్టమని పోరుతున్నాను. శ్రావణ ముహూర్తాలు అయ్యాక చూద్దాం అంటున్నారు.