బయోన్‌లో నురగ చాక్లెట్

అసలు ఫ్రాన్స్‌లోనే ఉన్నామా అని దిగిన గంటలోపే అనుమానం వచ్చింది. నైరుతి ఫ్రాన్స్‌లోని బయోన్ ఊళ్లో వీధి బోర్డుల మీద ఫ్రెంచ్ పక్కనే ఇక్కడి బాస్క్ జనం భాష కూడా ఉంటుంది, ఊరిని వాళ్లు బయోనా అంటారు, ఆ భాషకేమో బతికున్న ఏ భాషతోనూ చుట్టరికం లేదట.

నీవ్ నది వచ్చి అడూర్ నదిలో కలిసేది ఇక్కడే. నీవ్ గట్టు పొడవునా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ సన్నటి, పొడుగాటి ఇళ్లు, ఎర్ర కిటికీ తలుపులు, ఆకుపచ్చ తలుపులు, పైకి కనిపించే కర్ర దూలాలు. ఒక ఒడ్డున కేథడ్రల్, రెండో ఒడ్డున బాస్క్ మ్యూజియం. కేథడ్రల్ బావుంది, కానీ నా మనసంతా చాక్లెట్ మీదే.

పోర్ నఫ్ వీధిలో కమాను కింద కూర్చుని ఒక కప్పు చెప్పాను. పైన వేలెడంత నురగ, కింద చేదుగా, చిక్కగా చాక్లెట్, మూతికి అంటిన నురగ తుడుచుకోవడం కూడా మర్చిపోయాను. పోర్చుగల్, స్పెయిన్‌లలో మతవిచారణ (క్యాథలిక్ కాని వాళ్లని పట్టి శిక్షించే ఇన్‌క్విజిషన్) భయానికి పారిపోయి వచ్చిన యూదులు, అడూర్ అవతల సెయింట్ ఎస్ప్రీ అనే పేటలో స్థిరపడి, 17వ శతాబ్దంలో ఈ విద్య తెచ్చారు. తీరా 1761లో ఊళ్లో చాక్లెట్ తయారీదారుల సంఘం పెట్టి వాళ్లనే బయట ఉంచారు! నేర్పినవాళ్లకే చోటు లేదన్నమాట.

జూలైలో అయితే తెల్లబట్టలు, ఎర్ర రుమాళ్లతో 1932 నుంచి జరుగుతున్న జాతర ఉంటుంది. నాకా జనం టెన్షన్, అందుకే తప్పించుకుని అక్టోబర్‌లో వెళ్లాను.