కోడు ఒక రాత్రిలో మారింది, చరిత్ర మారడానికే ఆలస్యమైంది

"ఉన్న కోడు తీసుకెళ్లి కొత్త రిపాజిటరీలో పెట్టి ఒక్క కమిట్ చేసేస్తే సరిపోదా? పాత చరిత్రంతా మోసుకెళ్లడం ఎందుకు?"

మా ప్రాజెక్టును సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు మార్చాలనుకున్నప్పుడు మొట్టమొదట వచ్చిన సలహా ఇది. ఈ రెండూ కోడులో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దాచిపెట్టే సాధనాలు. అలా దాచే చోటు రిపాజిటరీ, సందేశంతో సహా దాచిన ఒక్కో మార్పు కమిట్. ఇచ్చిన కుర్రవాడు తెలివైనవాడే, కాకపోతే ప్రాజెక్టులోకి కొత్తగా వచ్చాడు. అతనితో వాదనకు దిగకుండా కోడులో ఒక చోటు చూపించాను.

మాది పాటల ఫైళ్ల నుంచి పాట పేరు, పాడినవారి పేరు, ముఖచిత్రం వంటి వివరాలు చదివే చిన్న సీ లైబ్రరీ. ఎంపీ3 ఫైళ్లలో ఇవి ఐడీ3 ట్యాగులో ఉంటాయి. ట్యాగులోని ఒక్కో అంశం ఒక ఫ్రేమ్, ప్రతి ఫ్రేమ్ ముందూ దాని పరిమాణం రాసి ఉంటుంది. ఐడీ3 2.3లో ఆ పరిమాణం మామూలు 32 బిట్ల సంఖ్య. 2.4లో మాత్రం ఒక్కో బైటులో 7 బిట్లే వాడాలి, పై బిట్టు ఎప్పుడూ సున్నాగానే ఉండాలి. నియమం ఇంత స్పష్టంగా ఉన్నా మా కోడు దాన్ని పూర్తిగా నమ్మదు. 2.4 ట్యాగు చదివేటప్పుడు 7 బిట్ల లెక్కతో ముందుకు గెంతుతుంది. అక్కడ తర్వాతి ఫ్రేమ్ పేరు కనిపించకపోతే వెనక్కి వచ్చి 2.3 లెక్కతో మళ్లీ గెంతుతుంది. పక్కన వ్యాఖ్య ఒక్కటీ లేదు. చూసిన ప్రతివాడికీ ఆ పది వరుసలు తీసేయాలనే అనిపిస్తుంది. తీసేసినా పరీక్షలన్నీ నెగ్గుతాయి, ఎందుకంటే 128 బైట్ల కన్నా చిన్న ఫ్రేముల్లో రెండు లెక్కలకూ ఒకే జవాబు వస్తుంది. అసలు కారణం ఆ వరుసలు చేర్చిన కమిట్ సందేశంలో ఉంది. లక్షలమంది వాడే ఒక ప్రోగ్రాం ట్యాగు మీద 2.4 అని రాసి, లోపల పరిమాణాలను 2.3 పద్ధతిలో పెట్టేది. ముఖచిత్రం ఉన్న ఫైలు వచ్చిందంటే చదవడం అక్కడితో ఆగిపోయేది.

ఆ సందేశం చదివాక అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత మార్పిడి పనిలో నాకు అందరికన్నా ఎక్కువ సాయం చేసింది కూడా అతనే.

గిట్టే ఎందుకు, అలాంటిదే అయిన మెర్క్యూరియల్ ఎందుకు కాదు అనే చర్చ ఎక్కువసేపు సాగలేదు. రెండూ 2005 ఏప్రిల్‌లో, ఒకే కారణంతో పుట్టినవి. లినక్స్ కెర్నల్ వాళ్లు బిట్‌కీపర్ అనే ఇలాంటి సాధనాన్నే అప్పటిదాకా ఉచితంగా వాడుకునేవాళ్లు, వాళ్లకు ఆ వెసులుబాటు పోయింది. మెర్క్యూరియల్ ఆదేశాలు నాకు ఇప్పటికీ గిట్ ఆదేశాల కన్నా మర్యాదస్తుల్లా కనిపిస్తాయి. కానీ పైథాన్ వాళ్లు 2011లో సబ్‌వెర్షన్ వదిలి మెర్క్యూరియల్‌కు వెళ్లి, మళ్లీ 2017లో గిట్‌కు రావలసి వచ్చింది. రెండుసార్లు కాపురం మార్చే ఓపిక మాకు లేదు. మాకు ప్యాచీలు, అంటే కోడు సవరణలు, పంపేవాళ్లందరికీ గిట్ చేయి తిరిగి ఉంది. అక్కడితో ఆ చర్చ తెగింది.

పని మొదలుపెట్టేవాళ్లు ముందే మనసులో పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. గిట్‌లో ప్రతి కమిట్‌కూ ఒక హ్యాష్, అంటే అందులోని సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తు, ఉంటుంది. ఆ హ్యాష్‌లో ఫైళ్ల స్థితి, రచయిత పేరు, ఈమెయిలు, తేదీ, సందేశం, అంతకుముందు కమిట్ హ్యాష్ అన్నీ కలిసి ఉంటాయి. పదిహేనేళ్ల కిందటి సందేశంలో ఒక్క అక్షరం దిద్దినా అప్పటి నుంచి ఇప్పటిదాకా ఉన్న హ్యాష్‌లన్నీ మారిపోతాయి. రిపాజిటరీని పదిమందీ క్లోన్ చేసుకున్నాక, అంటే ప్రతులు తీసుకున్నాక, అలా మార్చితే గొడవే. సబ్‌వెర్షన్‌లో అయితే సర్వరు దగ్గర కూర్చున్నవాడు పాత సందేశాన్ని ఎప్పుడైనా సవరించుకోవచ్చు, రివిజన్ సంఖ్య (కమిట్ వరుస సంఖ్య) మారదు. అందుకే గిట్‌లోకి వెళ్లేటప్పుడు ఏది దిద్దాలన్నా తలుపు తెరవకముందే దిద్దాలి. యంత్రం చేసే పని ఒక రాత్రిలో అయిపోతుంది. ఏం దిద్దాలో, ఏం దిద్దకూడదో మనుషులు తేల్చుకోవడమే తెమలదు.

యంత్రం పని సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. సబ్‌వెర్షన్ చరిత్రను గిట్‌లోకి తెచ్చే గిట్-ఎస్‌వీఎన్‌ను నేరుగా దూరపు సర్వరు మీదికి వదిలితే ఒక్కో రివిజన్‌నూ విడివిడిగా అడిగి తెచ్చుకుంటుంది, అది తెల్లారే వ్యవహారం కాదు. ముందు ఎస్‌వీఎన్‌సింక్‌తో మొత్తం రిపాజిటరీకి సొంత కంప్యూటర్లో ప్రతి తీసుకుని, దాని మీద నడపాలి. వచ్చిన ఫలితాన్ని చరిత్రను తిరగరాసే గిట్ ఫిల్టర్-రిపోతో దిద్దుకున్నాం. అందులో పైథాన్‌లో నాలుగు వరుసలు రాస్తే ప్రతి కమిట్‌నూ పట్టుకుని సవరించవచ్చు. ఖాళీ డైరెక్టరీలను గిట్ దాచదు కాబట్టి వాటిని బిల్డ్ స్క్రిప్టే సృష్టించేలా మార్చాం. వదిలేయవలసిన ఫైళ్ల జాబితా, వరుస చివరల అమరికలు వాటి వాటి కొత్త ఫైళ్లలోకి వెళ్లాయి. వీటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

పేర్ల గురించి రాసినవాళ్లే తక్కువ.

సబ్‌వెర్షన్‌లో కమిట్ చేసినవారికి ఉండేది ఒక యూజర్‌నేమ్ మాత్రమే. గిట్‌కు పేరు, ఈమెయిలు రెండూ కావాలి. అందుకోసం యూజర్‌నేములన్నీ వరుసగా రాసి, ఎదురుగా ఎవరెవరో పూరించే ఫైలు ఒకటి తయారుచేయాలి. చూడటానికి గుమాస్తా పని. చేస్తుంటే తెలిసింది, ప్రాజెక్టుకు ఇంతకాలం ఎవరు చాకిరీ చేశారో ఎవరూ రాసిపెట్టుకోలేదని.

ఒకాయన ఈ మధ్యకాలంలో తన పేరు మార్చుకున్నారు. చరిత్ర మొత్తంలో కొత్త పేరే ఉండాలని అడిగారు. కొందరు "చరిత్రను తిరగరాయకూడదు" అని సణిగారు. సబ్‌వెర్షన్ చరిత్రలో ఆయన పేరే లేదు, ఆరు అక్షరాల యూజర్‌నేమ్ ఉంది. తిరగరాయడానికి అక్కడ ఉన్నదేమిటి? ఆయన అడిగినట్టే పెట్టాం. ఇదే కోరిక మార్పిడి అయ్యాక వచ్చి ఉంటే మెయిల్‌మ్యాప్ ఫైలులో ఒక వరుస చేర్చడం తప్ప దారి లేదు. దానితో జాబితాల్లో కొత్త పేరు కనిపిస్తుంది కానీ లోపల పాతదే ఉంటుంది.

మా తొలినాళ్ల కమిటర్లలో ఒకరు చనిపోయారు. ఆయన ఈమెయిలు మా దగ్గర ఉంది. అదే పెట్టేద్దామని దాదాపు అందరూ అన్నారు, నేను ఒప్పుకోలేదు. అది ఆయన సొంత డొమైన్ మీది చిరునామా. గడువు తీరితే ఆ డొమైన్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు. కోడు దాచే సైట్లు కమిట్‌లను ఈమెయిలును బట్టే మనుషులకు ముడిపెడతాయి. రేపు ఎవడో ఆ చిరునామాతో ఖాతా తెరిస్తే ఆయన పనంతా వాడి పేరున కనిపిస్తుంది. ఆయన యూజర్‌నేముకు ప్రాజెక్టు డొమైన్ తగిలించి చిరునామా చేశాం. ఆచూకీ దొరకనివాళ్లకూ, ఈమెయిలు బయట పెట్టవద్దన్నవాళ్లకూ ఇదే పద్ధతి.

అంతకన్నా పెద్ద పీటముడి ప్యాచీలు పంపినవాళ్లది. కమిట్ చేసే హక్కు లేనివాళ్లు ప్యాచీ పంపితే మాలో ఎవరో ఒకరు ఎక్కించి, సందేశంలో "ప్యాచీ ఫలానావారిది" అని రాసేవాళ్లం. సబ్‌వెర్షన్ లెక్కలో ఆ పని ఎక్కించినవాడి ఖాతాలో పడింది. గిట్‌లో రచయిత వేరు, కమిట్ చేసినవారు వేరు. రెండు గడులు ఉన్నాయి కదా, న్యాయం చేద్దామని సందేశాల్లో అలాంటి మాట ఉన్న ప్రతి కమిట్‌నూ వెతికి తీశాం. జీసీసీ కంపైలర్ వాళ్లు 2020 జనవరిలో సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు మారినప్పుడు ఎరిక్ రేమండ్ రాసిన రీపోసర్జన్ అనే సాధనం వాడి, ఛేంజ్‌లాగ్ ఫైళ్లలోని పేర్ల ఆధారంగా అసలు రచయితలను నిలబెట్టారు. మా ప్రాజెక్టు చిన్నది కాబట్టి మేం కళ్లతో చదివి చేశాం. "ప్యాచీ ఆధారంగా", "సలహా ఫలానావారిది" వంటి గోడ మీది పిల్లులను కదిలించలేదు. పేరు స్పష్టంగా ఉంటేనే మార్చాలని నియమం పెట్టుకున్నాం. ఫలితం చూశాక నాకు కొంచెం నవ్వొచ్చింది. కమిట్‌ల సంఖ్యలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉన్న నేను కిందికి జారాను. సరైన లెక్క అదే.

ఇక సబ్‌వెర్షన్ కన్నా పాత పొర, మేం అంతకుముందు వాడిన సీవీఎస్ నాటిది. సీవీఎస్‌లో కమిట్ అంటే మొత్తానికి ఒకటి కాదు, ఏ ఫైలు రివిజన్ ఆ ఫైలుదే. దాన్ని సబ్‌వెర్షన్‌కు మార్చే సీవీఎస్2ఎస్‌వీఎన్, ఒకే వ్యక్తి ఒకే సందేశంతో 5 నిమిషాల ఎడం మించకుండా చేసిన మార్పులను ఒకే కమిట్‌గా కూర్చేది. ఊహ మంచిదే. కానీ సందేశం రాయడానికి బద్ధకించినవాళ్ల పేరున సీవీఎస్ "సందేశం ఖాళీ" అని తానే నక్షత్రాల మధ్య రాసిపెట్టేది. అలాంటివన్నీ ఒకే సందేశంగా కనిపించి, సంబంధం లేని రెండు పనులు ఒకే కమిట్‌లో ఇరుక్కున్నాయి. వాటిని విడదీద్దామని మాలో ఒకరు ఉత్సాహపడ్డారు. నేను వద్దన్నాను. ఎవరు ఏది రాశారో దిద్దడానికి సందేశాల్లో సాక్ష్యం ఉంది. ఏ మార్పు ఏ పనికి చెందినదో ఇప్పుడు కూర్చుని ఊహించడం మాత్రం చరిత్ర కాదు, కల్పన. అలాగే ఉంచేశాం.

సాక్ష్యం దొరికిన చోట మాత్రం వదల్లేదు. పాత సందేశాల్లో కొన్ని పేర్లలో అక్షరాల బదులు నల్ల డైమండులో ప్రశ్నార్థకం కనిపించేది. సీవీఎస్ నుంచి సబ్‌వెర్షన్‌కు జరిగిన మొదటి మార్పిడిలో ఐఎస్‌ఓ 8859-1 ఎన్‌కోడింగులో ఉన్న సందేశాలను సరిగా యూటీఎఫ్-8లోకి మార్చనందువల్ల వచ్చిన తంటా అది. అదృష్టవశాత్తు ఒక పాత సభ్యుడి దగ్గర అసలు సీవీఎస్ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి. వాటిని సరైన ఎన్‌కోడింగుతో చదివి పేర్లు తిరిగి రాశాం.

రివిజన్ సంఖ్యల మీద గట్టి వాదులాటే జరిగింది. బగ్ జాబితా నిండా "ఆర్ 1482లో సరిచేశాం" వంటి మాటలు. గిట్-ఎస్‌వీఎన్ ప్రతి సందేశం చివర పాత చిరునామాతో, రివిజన్ సంఖ్యతో ఒక పొడవాటి వరుస తగిలిస్తుంది. అది వికారంగా ఉంటుందని దాన్ని రానివ్వని ఐచ్ఛికం వాడమని చాలామంది చెబుతారు. వాడితే సంఖ్యకూ కమిట్‌కూ ఉన్న బంధం తెగిపోతుంది, బగ్ జాబితాలో సగం మాటలకు అర్థం పోతుంది. జీసీసీ వాళ్లలాగే మేమూ ఆ వరుసను కుదించి, "సబ్‌వెర్షన్ నుంచి" అన్న మాట, పక్కన సంఖ్య మాత్రం ఉంచాం. గిట్ లాగ్‌లో వెతికితే చాలు, దొరుకుతుంది.

అంతా అయ్యాక సరిచూడటం. ప్రతి విడుదల ట్యాగునూ (ఇది పాటల ట్యాగు కాదు, ఆ విడుదల నాటి కోడుకు పెట్టిన గుర్తు) రెండు వైపుల నుంచీ బయటికి తీసి, ఫైలుకు ఫైలు పోల్చే స్క్రిప్టు ఆ కుర్రవాడే రాశాడు. మొదట కుప్పలుగా తేడాలు వచ్చాయి. సబ్‌వెర్షన్ కొన్ని ఫైళ్ల తలకట్టులో తేదీ, రివిజన్ విస్తరించి రాస్తుంది, అదే కారణం. ఆ విస్తరణ ఆపి మళ్లీ నడిపితే ఒక్క ట్యాగు మాత్రం మొండికేసింది. తవ్వితే తెలిసింది, విడుదల రోజున ట్యాగు వేశాక ఎవరో కాన్ఫిగర్ స్క్రిప్టులో ఒక వరుస నేరుగా ట్యాగులోనే సరిచేశారు. సబ్‌వెర్షన్‌లో ట్యాగు అంటే మరో డైరెక్టరీయే, అందులో కమిట్ చేయవద్దని అడ్డుపడే నాథుడు ఉండడు. గిట్‌లో ఆ ట్యాగు దేనికి వేయాలి, ట్రంకులోని (ప్రధాన శాఖలోని) కమిట్‌కా, దిద్దినదానికా? జనం దించుకున్న విడుదల ఫైలును విప్పి చూశాం. అందులో దిద్దిన వరుసే ఉంది. ట్యాగు దానికే వేశాం. ఆ కమిట్ ఏ బ్రాంచిలోనూ లేకుండా పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది, చూసి కంగారు పడనక్కర్లేదు.

మారిన రోజున పాత సర్వరులో కమిట్‌కు ముందు నడిచే హుక్ అనే స్క్రిప్టులో రెండే వరుసలు పెట్టాం. ఒకటి కొత్త చిరునామా చెబుతుంది, రెండోది ఒకటి అంకెతో బయటికి వచ్చేస్తుంది. సున్నా కాని అంకె వస్తే సబ్‌వెర్షన్ కమిట్‌ను తిప్పికొట్టి, హుక్ చెప్పిన మాటను కమిట్ చేయబోయినవారికే చూపిస్తుంది. ప్రకటనలు చదవని పెద్దమనుషులకు కూడా కబురు అలాగే అందింది. టాబులన్నీ స్పేసులుగా మార్చిన ఒక పాత కమిట్ హ్యాష్‌ను వదిలేయవలసినవాటి జాబితాలో రాశాం. ఏ వరుసను ఎవరు చివరగా మార్చారో చూపే బ్లేమ్ ఆదేశం గిట్ 2.23 నుంచి అలాంటివాటిని దాటి వెనక్కి చూడగలదు.

సబ్‌వెర్షన్ సర్వరు ఇప్పుడు లేదు. దాని పూర్తి డంపు విడుదల ఫైళ్ల పక్కనే ఉంది, ఎవరైనా మేం చేసిన మార్పిడిని మొదటి నుంచి సరిచూసుకోవచ్చు. యూజర్‌నేముల ఫైలును మాత్రం బయట పెట్టలేదు, అందులో జనం ఇవ్వవద్దన్న ఈమెయిళ్లు ఉన్నాయి.

ఒక్క పేరు తేలలేదు. "గెస్ట్2" అనే ఖాతా నుంచి ఎవరో వోర్బిస్ వ్యాఖ్యల (వోర్బిస్ పాటల ఫైళ్లలోని వివరాల) పొడవులను లిటిల్ ఎండియన్‌గా, అంటే చిన్న విలువ బైటు ముందు వచ్చే వరుసలో, చదివేలా సరిచేశారు. దానికి తిరగేసిన వరుస వాడే బిగ్ ఎండియన్ యంత్రాల్లో మా లైబ్రరీ పనిచేస్తున్నదంటే ఆ ఒక్క కమిట్ చలవే. ప్రస్తుతానికి గెస్ట్2 పేరు గెస్ట్2యే. అది మీరే అయితే చెప్పండి, మెయిల్‌మ్యాప్‌లో ఒక వరుస చేరుస్తాను.