చదువురాని నానమ్మ, రెండు భాషల మెదడు

మెదడు చురుగ్గా ఉండాలంటే అక్రోట్లు తినండి, సుడోకు చెయ్యండి అంటూ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజుకొకటి వస్తుంటుంది. రెండు భాషలు మాట్లాడేవాళ్ల మెదడు గురించి మన హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి డాక్టర్లు బయటపెట్టిన సంగతి మాత్రం ఒక్కరూ పెట్టరు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

2013లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం నిమ్స్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలు పరిశీలించింది. ఒకే భాష వచ్చినవాళ్లకు మతిమరుపు లక్షణాలు సగటున 61 ఏళ్లకు మొదలైతే, రెండో మూడో భాషలు మాట్లాడేవాళ్లకు 65 దాటాక మొదలయ్యాయి. నాలుగున్నరేళ్ల తేడా. టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ అనే పరిశోధకురాలు 2007లోనే ఇలాంటి ఫలితం చూపించారు కానీ, అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడాకి కారణం భాషా, వలసా అన్న అనుమానం ఉండిపోయింది. హైదరాబాద్‌లో ఆ పేచీ లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడేస్తాడు. పైగా బడి ముఖం చూడనివాళ్లూ ఈ లెక్కలో ఉన్నారు. వాళ్లలో తేడా ఇంకా పెద్దది, ఆరేళ్లు!

అది చదవగానే నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. శాలిబండలో గాజుల దుకాణం ఆమెది. సంతకం రాదు, వేలిముద్రే. హోల్‌సేల్ సేటుతో "నక్కో భాయ్, ఇత్తా జాస్తీ?" అని బేరమాడుతూనే, ఇటు తిరిగి "ఎన్ని డజన్లో రాస్కో బిడ్డా" అనేది. తెలుగింటి మనిషే అయినా డబ్బు మాత్రం ఉర్దూలోనే లెక్కపెట్టేది. ఇంటికి ఏ కాగితం వచ్చినా మా నాన్న, బాబాయి "నీకేం తెలుస్తదమ్మా" అని చేతిలోంచి లాక్కునేవాళ్లు. ఆ తలలో ఎంత పని జరుగుతోందో ఎవరికీ పట్టలేదు.

రెండు భాషలు వచ్చినవాళ్లు ఒకటి మాట్లాడుతున్నప్పుడు రెండోది నిద్రపోదు. 1999లో మైకేల్ స్పివీ, వియోరికా మారియన్ అనే ఇద్దరు పరిశోధకులు రష్యన్, ఇంగ్లిష్ వచ్చినవాళ్ల చూపు ఎటు పోతుందో గమనించారు. రష్యన్‌లో స్టాంపును 'మార్కా' అంటారు. స్టాంపు తియ్యమని రష్యన్‌లో చెబితే, వాళ్ల కళ్లు పక్కనున్న మార్కర్ పెన్ను వైపూ ఒక్క క్షణం వెళ్లాయి. (వంటింట్లో ఎవరైనా నన్ను పెన్ను అడిగితే నా చూపు పెనం మీదికి పోతుందేమో!) అంటే రెండు భాషలూ ఒకేసారి లేచి నిలబడతాయి, ఒకదాన్ని కూర్చోబెట్టాలి. మెదడు ముందు భాగం, లోపలి వైపున్న యాంటీరియర్ సింగ్యులేట్, ఇంకా లోతుగా ఉండే కాడేట్ కలిసి ఈ పని చూసుకుంటాయి. ధ్యాస మళ్లించడానికీ, నోటిదాకా వచ్చిన మాట ఆపుకోవడానికీ అక్కరకొచ్చేవి కూడా ఇవే. నానమ్మకు దుకాణం తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఇదే కసరత్తు.

రెండు భాషలు వస్తే జబ్బు రాదని కాదు. 2012లో టొరంటోలో టామ్ ష్వైజర్ బృందం ఒకే స్థాయి మతిమరుపు ఉన్న అల్జీమర్స్ పేషెంట్ల స్కానింగులు పోల్చి చూస్తే, రెండు భాషలవాళ్ల మెదడే ఎక్కువ కుంచించుకుపోయి ఉంది. లోపల జబ్బు దాని దారిన అది ముదురుతూనే ఉంది, మిగిలిన మెదడు ఆ లోటు బయటపడకుండా నెట్టుకొస్తోంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ తేడా కనిపించలేదు. ఆస్పత్రికి వచ్చినవాళ్లనే లెక్కిస్తే, ఎవరు ఎప్పుడు వస్తారన్న దాన్ని బట్టి కూడా ఫలితం మారుతుందన్నది విమర్శ. సబబైన విమర్శే.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది నిమ్స్ వాళ్లే తర్వాత స్ట్రోక్ మీద చేసిన పని. 608 మందిని చూశారు. స్ట్రోక్ తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40 శాతం, ఒకే భాషవాళ్లలో 20 శాతం. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు. భాషల వల్ల లాభమంటే ముందు మాటకే దక్కాలి కదా? దక్కలేదు. కసరత్తంతా అదుపు చేసే భాగాలది కాబట్టి లాభమూ వాటికే అని నేను అర్థం చేసుకున్నా.

2013 లెక్కల్లో మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు ప్రయోజనమేమీ కనబడలేదు. రెండు చాలట. మా అక్క కొడుక్కి ఆ రెండూ ఉన్నాయి. ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమని వాడి స్కూల్లో చెప్పారు. అక్క టెన్షన్ పడి ఇంట్లో తెలుగు మాన్పించింది. ఇప్పుడు వాడి బ్రెయిన్ డెవలప్‌మెంట్ క్లాసుకి నెలనెలా ఫీజు కడుతోంది.