నాన్న గుండెలో రెండు తీగలు

నాన్న గుండె నిమిషానికి 36 సార్లే కొట్టుకుంటోందనీ, సన్నని కరెంటు తట్టులిచ్చి గుండెను నడిపించే చిన్న పెట్టె, పేస్‌మేకర్, తప్పదనీ డాక్టరు చెప్పినప్పుడు, ఆ పెట్టె కంటే దాని తీగల గురించే నాకు ఎక్కువ బెంగ కలిగింది. బొబ్బిలి నుంచి విజయనగరం వెళ్లే దారంతా ఆయన మాత్రం ఊడ్పుల గురించే మాట్లాడారు.

ఎడమ కాలర్ బోన్ కింద తిమ్మిరి సూది వేసి, సిరలోంచి దారి చేసుకుని, ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఒక లీడ్‌ను, అంటే తీగను, కుడి జఠరికలోకి (గుండె కింది గదిలోకి), మరొకదాన్ని కుడి కర్ణికలోకి (పై గదిలోకి) పంపారు. లీడ్ కొనన ఉండే సన్నని మర గుండె కండరంలోకి దిగి పట్టుకున్నాక, ఎంత తక్కువ వోల్టేజికి గుండె స్పందిస్తుందో కొలుస్తారు. ఒక వోల్టు లోపే స్పందిస్తే ఆ చోటు మంచిదన్నమాట. లీడ్ కదులుతుందేమో చూడటానికి దగ్గమన్నప్పుడు, మెలకువగానే ఉన్న నాన్న “నాకు దగ్గు లేదు బాబూ” అన్నారట.

మరునాడే కర్ణికలోని లీడ్ జారింది. తలకు తువ్వాలు చుట్టుకోవడానికి ఆయన రెండు చేతులూ ఎత్తడమే కారణమని నా అనుమానం. ఎడమ చేయి భుజం పైకి లేపకూడదని మాకు ముందుగా ఎవరూ గట్టిగా చెప్పలేదు. మళ్లీ కుట్లు విప్పి సరిచేశారు. 1958లో స్వీడన్‌లో మొదటిసారి శరీరంలో అమర్చిన పేస్‌మేకర్ కొన్ని గంటలే పనిచేసిందని చదివాక నా కోపం కాస్త తగ్గింది.

ఇప్పుడు నాన్న ఒంటి చేత్తో తువ్వాలు చుట్టుకోవడం నేర్చుకుంటున్నారు.