లేబర్ పార్టీ డిప్యూటీ లీడర్ ఎన్నికలో నా ఓటు

2025 సెప్టెంబరు 5న ఏంజెలా రేనర్ బ్రిటన్ ఉప ప్రధాని పదవికీ, లేబర్ పార్టీ డిప్యూటీ లీడర్ పదవికీ రాజీనామా చేశారు. ఉప ప్రధాని పదవి ఆ రోజే డేవిడ్ లామీకి వెళ్లిపోయింది. పార్టీ డిప్యూటీ లీడర్ పదవి మాత్రం ప్రధాని పిలిచి ఇచ్చేది కాదు, సభ్యులు ఓటేసి ఎన్నుకోవాలి. బ్రిటన్‌లో ఉంటూ చందా కట్టడమే తప్ప మీటింగుల జోలికి పెద్దగా వెళ్లని నాకూ ఈసారి హుషారొచ్చింది.

అంతలోనే నీరుగారిపోయింది. బరిలో ఉండాలంటే 80 మంది ఎంపీల మద్దతు కావాలి, అదీ 11వ తేదీ సాయంత్రంలోగా. ఆరుగురు మహిళలు ముందుకొస్తే మిగిలింది ఇద్దరు. విద్యామంత్రి బ్రిజెట్ ఫిలిప్సన్‌కు 175 మంది, అప్పుడే మంత్రి పదవి పోయిన లూసీ పావెల్‌కు 117 మంది. నేను వేద్దామనుకున్న ఎమిలీ థార్న్‌బెరీ గడువుకు ముందే తప్పుకున్నారు. అసలు వడపోత అక్కడే అయిపోయిందని నా అభిప్రాయం.

తర్వాత నియోజకవర్గ శాఖల వంతు. మా శాఖ ఎవరిని బలపరచాలో తేల్చడానికి జూమ్‌లో కూర్చున్నాం. ఒక పెద్దాయన మ్యూట్ తీయడానికే చాలాసేపు తంటాలు పడి, చివరికి సూటిగా అడిగారు: “కేబినెట్‌లో కూర్చున్న మనిషి రేపు ప్రధానికి ఎదురు చెబుతుందా?” వెంటనే ఒక టీచరమ్మ అందుకున్నారు: “బయట నిలబడి చెబితే వినేదెవరండీ?” ఆ తర్వాత ఎవరు ఏం మాట్లాడినా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది. నేను పెద్దాయన వైపే మొగ్గాను. గెలిస్తే మంత్రి పదవి తీసుకోకుండా పూర్తికాలం పార్టీ పనే చేస్తానని పావెల్ చెప్పడం నాకు నచ్చింది.

అక్టోబరు 8న ఓటింగ్ మొదలైంది. మెయిల్లో వచ్చిన లింకు నొక్కి, పేరు ఎంచుకుంటే అయిపోయింది. ఇంత టెన్షన్ దీనికా అనిపించింది.

25న ఫలితం చెప్పారు. పావెల్‌కు 87,407, ఫిలిప్సన్‌కు 73,536. ఓటేసింది మాత్రం 16.6 శాతమే! అనుబంధ యూనియన్ల ద్వారా నమోదైనవాళ్లకూ ఓటుంది కదా అని, అలాంటి ఒక స్నేహితుణ్ని అడిగాను. “నాకూ ఉందా?” అన్నాడు. వెతికితే మెయిల్ దొరికింది, తెరవనేలేదు.