కరక్కాయ వాసన వేసే కానుకలు

మేముండే టెక్సాస్‌లో క్రిస్మస్ సెలవులకు ముందు టీచర్లకు ఏదో ఒక కానుక ఇవ్వడం మామూలు. ఏటా గిఫ్ట్ కార్డు కొనిచ్చేవాళ్లం. పోయిన ఏడు మా పెద్దది "ఈసారి నేనే చేసిస్తా" అంది. వేసవి సెలవులకు తిరుపతి వచ్చాక ఆ మాట మా అమ్మ చెవిన పడింది.

ఆ ఆదివారమే అందరం శ్రీకాళహస్తి వెళ్లాం. తిరుపతికి 40 కిలోమీటర్లు కూడా ఉండదు, అయినా నేను గుడికి తప్ప ఎప్పుడూ వెళ్లలేదు. గుడ్డ మీద కలంకారీ బొమ్మలు వేసే ఒక పెద్దాయన పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు, ఇక్కడ అంతా చేత్తోనే. వెదురుపుల్ల మొన చెక్కి, దాని పైన నూలో ఉన్నో చుట్టి, ఆ చుట్టను రంగులో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీస్తారు. మా చిన్నోడు ఆ కలాన్ని చేతిలోంచి వదల్లేదు.

నల్లరంగు ఇంట్లోనే చేశాం. తుప్పు పట్టిన మేకులు, చిత్తూరు బెల్లం, నీళ్లు ఒక కుండలో వేసి, గుడ్డ కట్టి, పెరట్లో పెట్టాం. 20 రోజులు పులియాలి. పెద్దది రోజూ పొద్దున అవ్వ వేసే ముగ్గు పక్కనే సుద్దముక్కతో ఒక గీత గీసి లెక్కపెట్టుకునేది. "ఇంకా ఎన్ని రోజులు?" అంటే మా అమ్మది ఒకటే జవాబు: "తొందరేముండాది నాయనా, దాని పని దాన్ని చేసుకోనీ."

ఆ లోపల గుడ్డ సిద్ధం చేశాం. కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో ముతక నూలుగుడ్డ నానబెట్టి, పిండి, మిద్దె మీద ఆరేశాం. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. కరక్కాయ వగరు, ఇనుము కలిస్తేనే నలుపు. దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే కరక్కాయలో ఇంత సంగతి ఉందని నాకూ అప్పుడే తెలిసింది. మొదటి గీత ముందు వెలిసిపోయినట్టు కనిపించి, చూస్తుండగానే నల్లబడింది. ఇద్దరూ కేకలు పెట్టారు.

నెమళ్లు గీయమని నేనన్నాను. పెద్దది వినలేదు. మిద్దె మీద నుంచి కనిపించే కొండల వరుస గీసింది, కింద టెక్సాస్‌లో మా పెరట్లోకి వచ్చే ఉడుతను పెట్టింది. చిన్నోడు తన గుడ్డను బకెట్ నీళ్లలో ముంచి మరిచిపోయాడు. వదిలిన నలుపంతా మళ్లీ గుడ్డకే పట్టుకుని మచ్చలు పడ్డాయి. పాపం, ఏడ్చాడు. కాళహస్తిలో పారే నీళ్లలో ఎందుకు జాడిస్తారో అప్పుడు అర్థమైంది. ఇంకొకటి వేయించాం, కొళాయి కింద జాడించాం.

శనివారాల తెలుగు క్లాసుకు పంపుతూ, "తెలుగులో చెప్పు" అని వెంటపడుతూ నాలుగేళ్లు గడిపాను. నానబెట్టు, పిండు, ఆరేయి, జాడించు... ఈ మాటలు ఏ పుస్తకంలోనూ నేను చూపించలేదు. చేతులు తడిసిన చోట వాటంతటవే వచ్చాయి. ఇప్పుడు స్నానమయ్యాక టవల్ "ఆరేశా" అంటుంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

డిసెంబర్‌లో కానుకతో పాటు ఒక చీటీ రాసింది. కరక్కాయకు ఇంగ్లీషు పేరు వెతికిచ్చాను. "ఇది టీచర్‌కి కూడా తెలియదమ్మా" అని దాన్ని కొట్టేసి, కరక్కాయ అనే రాసింది, పక్కన తెలుగు అక్షరాల్లో కూడా.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

"టీచరమ్మకు నచ్చిందా పాపా? బకెట్‌లో నానబెట్టొద్దని, కొళాయి కిందే జాడించమని చెప్పినావా?"

"చెప్పినా అవ్వా."