ఊర్వశి శారద: మూడు జాతీయ పురస్కారాలు

తెనాలిలో పుట్టిన శారద గారికి ఉత్తమ నటిగా తొలి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది తెలుగు చిత్రం కాదు, 1968 నాటి మలయాళ చిత్రం ‘తులాభారం’. కష్టాల కొలిమిలో కాలిపోయే ఆ ఇల్లాలి పాత్రనే ఆమె మరుసటి ఏడాది ‘మనుషులు మారాలి’లో తెలుగువారి ముందుకు తెచ్చారు. అడూర్ గోపాలకృష్ణన్ తొలి కథాచిత్రం ‘స్వయంవరం’ 1972కు గాను రెండవసారి అదే గౌరవాన్ని అందించగా, మాతృభాషలో ఆ గుర్తింపు దక్కడానికి బి.ఎస్. నారాయణ ‘నిమజ్జనం’ వరకు ఆగవలసి వచ్చింది. నా దృష్టిలో ఆమెను ముందుగా గుర్తించిన ఘనత మలయాళ సీమదే. ఉత్తమ నటి పురస్కారానికి అప్పట్లో ఉన్న ‘ఊర్వశి’ అన్న పేరే ఆమెకు ఇంటిపేరైంది. 1996లో తెనాలి ఓటర్లు ఆమెను లోక్‌సభకు కూడా పంపారు.